ఇంటర్వెల్ కబుర్లు: పెండింగ్‌లో పెద్దమనిషి

మొన్న మంగళవారం మొయినాబాద్ దాటాక ఒక ఫామ్‌హౌస్‌లో షూటింగ్. పొద్దున్న ఎనిమిదింటికల్లా వచ్చేయమన్నారు. చేవెళ్ళలో మా ఇంటి దగ్గర బస్సెక్కి, మర్రిచెట్ల నీడన ఊగుతూ, టంచనుగా ఎనిమిదికి దిగాను. హీరోగారు మాత్రం పదకొండైనా దిగలేదు. జర్నలిస్టు అనే ప్రాణికి ఇది కొత్తేం కాదు. ప్లాస్టిక్ కుర్చీ దొరికింది, దాని మీద పడ్డాను. రెండో టీ చేతికొచ్చింది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ కుయ్యిమంది.

తీసి చూద్దును కదా, లింక్డ్‌ఇన్! ఫలానా ఆయన మీతో కనెక్ట్ కావాలనుకుంటున్నారు, అని. పక్కన గుండ్రటి ఫోటో. నీలం కోటు, చేతులు కట్టుకున్న పోజు, అదే నవ్వు.

ఆ నవ్వు చూడగానే నా టీ చేదయిపోయింది.

ఈయన పేరు చెప్పను. చెప్పినా మీకు లాభం లేదు, నాకు నష్టం వుంది. ఈ వారానికి 'పెద్దమనిషి' అని పిలుచుకుందాం. ఏడెనిమిదేళ్ళ కిందట నేనూ, ఈయనా ఒకే సినిమా డెస్కులో పనిచేశాం. ఆయన నాకన్నా రెండు మెట్లు పైన. ఇప్పుడు ఆ ఆఫీసులో నేనూ లేను, ఆయనా లేడు. నేను ఇలా ఫామ్‌హౌసుల వెంట తిరిగే ఫ్రీలాన్సరుని. ఆయన ఫోటో కింద మాత్రం ఓటీటీ, కంటెంటు, హెడ్డు అనే మాటలు మూడూ కలిసి ఒకే వరసలో వున్నాయి. అంటే ఏమిటి? పని ఇచ్చే కుర్చీలో కూర్చున్నాడన్నమాట!

ఇక్కడే వుంది చిక్కు. పని ఇవ్వలేనివాడు పంపితే ఆలోచించే పనే లేదు. నెలాఖరున ఇంటి ఓనరు గుమ్మంలో నిలబడే ఫ్రీలాన్సరుకి, ఎంత గిట్టని మనిషైనా, నీలం కోటు నీలం కోటే.

అసలు ఆయన మీద నాకెందుకంత గుర్రు అంటారా? చెబుతాను.

చేవెళ్ళ పక్కన ఒక పల్లెలో, కొడుకు పూలతోటలో, ఒక రిటైరైన మేకప్‌మాన్ వుండేవాడు. మద్రాసు రోజుల నుంచీ పనిచేసిన మనిషి. గడ్డాలు అతికించడంలో దిట్ట. ఆయన నోరు విప్పేసరికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం గులాబీల మీద మందు కొట్టడం గురించే మాట్లాడాడు. రెండో ఆదివారం తన మోకాలి నొప్పి గురించి. మూడో ఆదివారం సాయంత్రం, చీకటి పడ్డాక, పాత స్పిరిట్ గమ్ డబ్బా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, అప్పుడు మొదలెట్టాడు. రాత్రి ఆఖరి బస్సు పోయింది. ఆ తోటలోనే పడుకున్నాను.

రెండు పేజీల ఇంటర్వ్యూ అచ్చయింది. పైన పేరు... పెద్దమనిషిది.

అడిగాను. ఆయన ఇదే నవ్వు నవ్వి, భుజం మీద చెయ్యేసి, "టీమ్‌వర్క్ బ్రదర్!" అన్నాడు. అంతే. ఆ పత్రిక పట్టుకుని ముసలాయన దగ్గరికి వెళితే, ఆయన కళ్ళజోడు పెట్టుకుని పేరు దగ్గర వేలు ఆనించి, "మరి మీ సారు ఎప్పుడూ రాలేదేం బాబూ?" అన్నాడు. ఆయన దృష్టిలో నేను ఎవరో రచయితగారి తాలూకు అసిస్టెంటు కుర్రాణ్ణి. కాదు, రాసింది నేనే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెబితే నమ్మడేమోనని భయం కూడా వేసింది. మరుసటి సంవత్సరం ఆయన పోయాడు.

సరే, ఫామ్‌హౌస్‌కి వద్దాం. నా మొహం చూసి పక్కన లైటు స్టాండుకి ఆనుకుని నిలబడ్డ లైట్‌మాన్, మన మొయినాబాద్ కుర్రాడే, పలకరించాడు.

"ఏమైందన్నా? మొకం గట్ల పెట్టినవ్?"

"పాత ఆఫీసాయన. మళ్ళీ కలుద్దామంటున్నాడు."

"పైసలియ్యాల్నా నీకు?"

"పైసలు కాదు తమ్మీ. పేరియ్యాలె."

వాడు కాసేపు ఆలోచించాడు. "పేరెట్ల ఇస్తడన్నా ఇప్పుడు? పైసలంటె గుంజుకోవచ్చు" అన్నాడు. ఆ తరవాత వాడి ఫీల్డు ధర్మం వాడు చెప్పాడు. "మా దాంట్ల అలిగితె కడుపు నిండదన్నా. నిన్న తిట్టినోడే ఇయ్యాల మళ్ళ పిలుస్తడు. పోతం."

కాదనగలమా? నిజానికి లైట్‌మాన్ల దగ్గర్నుంచి సూపర్‌స్టార్ల దాకా ఈ రంగంలో ఎవరూ ఎల్లకాలం అలిగి కూర్చోలేదు. మీలో చాలామంది కొత్త సినిమాల వాళ్ళు గనక, పాత సంగతులు రెండు చెబుతాను. మన తగవులు వాటి ముందు ఎంత?

రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ కలిసి 1963లో 'శ్రీకృష్ణార్జున యుద్ధం' చేశారు. ఆ తరవాత మళ్ళీ ఒకే తెర మీద కనిపించింది ఎప్పుడో తెలుసా? 1977లో, 'చాణక్య చంద్రగుప్త'లో. మధ్యలో 14 ఏళ్ళు! ఒక తరం పిల్లలు పుట్టి, హైస్కూలుకి వెళ్ళి, బ్లాకులో టిక్కెట్లు కొనే వయసుకొచ్చారు. ఆ రోజుల్లో లింక్డ్‌ఇన్ వుంటే ఎవరు ఎవరికి రిక్వెస్టు పెట్టేవారో అని మా మిత్రుడొకడు ఎప్పుడూ అంటూ వుంటాడు. కానీ రామారావు ఏం చేశారో చూడండి. సినిమా తానే డైరెక్టు చేస్తూ, చంద్రగుప్తుడి వేషం తాను వేసుకుని, చాణక్యుణ్ణి నాగేశ్వరరావుకి ఇచ్చారు. పిలిచేటప్పుడు చేతిలో మంచి వేషం పెట్టి పిలిచారన్నమాట. ఒట్టి బటన్ నొక్కలేదు.

రెండోది కృష్ణ సంగతి. 1973లో 'దేవుడు చేసిన మనుషులు'లో రామారావు, కృష్ణ కలిసి నటించారు. మరుసటి ఏడు 1974లో కృష్ణ 'అల్లూరి సీతారామరాజు' తీశారు. ఆ పాత్ర తాను వేయాలని రామారావుకి ఎప్పటినుంచో ముచ్చట. దాంతో ఎడం వచ్చింది. మళ్ళీ ఇద్దరూ కలిసి తెర మీదికొచ్చింది 1982లో, 'వయ్యారి భామలు వగలమారి భర్తలు'లో. (ఈ రెండు సంవత్సరాలు, 1973, 1974, కాస్త గుర్తు పెట్టుకోండి. చివర్లో పనిబడుతుంది.)

ఆ కృష్ణకే 1980ల మధ్యలో గాయకుడు బాలుతో మాట పట్టింపు వచ్చింది. కొన్నేళ్ళు కృష్ణ సినిమాల్లో బాలు గొంతు వినిపించలేదు. 1986లో 'సింహాసనం' వచ్చినప్పుడు కృష్ణకి పాడింది రాజ్ సీతారామ్. తెలుగులో తొలి 70 ఎంఎం సినిమా, కృష్ణ స్వీయ దర్శకత్వం, జనం విరగబడి చూశారు. అయినా ఇంట్లో మా నాన్న మాత్రం, "పాటలు బావున్నాయిగానీ..." అని ఆ 'గానీ' దగ్గర ఆగిపోయేవాడట! తరవాత మధ్యవాళ్ళు పూనుకుంటే ఇద్దరూ కలిశారు. అప్పటి లెక్కలు విప్పి చెప్పబోతే కృష్ణ వద్దని ఆపేశారని బాలు తరవాత సభల్లో చెప్పుకున్నారు. బాలు 2020 సెప్టెంబరులో, కృష్ణ 2022 నవంబరులో వెళ్ళిపోయారు. ఆ తగవు లేకపోతే ఇంకెన్ని పాటలు వుండేవో అని అభిమానులు ఇప్పటికీ లెక్కలు వేస్తుంటారు.

కాబట్టి నేనూ యాక్సెప్ట్ చేసేయాలా? తొందరపడకండి. నేను కృష్ణని కాను, పెద్దమనిషి బాలు అంతకన్నా కాడు.

ఈ లింక్డ్‌ఇన్ ఏమిటో మీలో కాలేజీలో వున్నవాళ్ళకి ఇంకా సరిగా తెలియకపోవచ్చు గనక రెండు ముక్కలు. ఇది 2003 మే 5న అమెరికాలో జనంలోకొచ్చింది. ఇంకో చిత్రం వినండి. ఆ ఏడు ఏప్రిల్ 9న మా చేవెళ్ళ నుంచి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఇచ్ఛాపురం దాకా పాదయాత్ర మొదలుపెట్టారు. అంటే ఆయన ఒక్కొక్క మనిషిని చెయ్యి పట్టుకుని కలుస్తూ ఎండలో నడుస్తున్న 27వ రోజున, కాలు కదపకుండా మనుషుల్ని కలిసే యంత్రం ఆ దేశంలో మొదలైందన్నమాట! రెంటికీ సంబంధం ఏమీ లేదు. చేవెళ్ళ వాణ్ణి గనక చెప్పకుండా వుండలేకపోయాను. 2016లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు దాన్ని 2,620 కోట్ల డాలర్లకి కొనేశారు. మన పాత ఆఫీసు పరిచయాలకి ఇంత ధర వుంటుందని అప్పుడు తెలిస్తే, క్యాంటీన్లో అందరితో కాస్త మర్యాదగా వుండేవాళ్ళం.

దీని మర్మం ఏమిటంటే, ఉద్యోగాలు తెచ్చిపెట్టేది ప్రాణమిత్రులు కారు. అంతంతమాత్రం ఎరిగినవాళ్ళు. ఈ మాట 1973లోనే మార్క్ గ్రనోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త చెప్పాడు. మన స్నేహితులకి తెలిసిందల్లా మనకీ తెలుసు. కొత్త కబురు రావాలంటే బయటి వలయంలోంచి రావాలి. 2022లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మంది మీద, అయిదేళ్ళ పాటు చూశారు. మరీ దగ్గరివాళ్ళు కాకుండా, మరీ ముక్కూ మొహం తెలియనివాళ్ళు కాకుండా, మధ్యస్థంగా పరిచయమున్నవాళ్ళ వల్లే ఉద్యోగం మారే అవకాశం ఎక్కువని తేలింది. మధ్యస్థంగా పరిచయమున్నవాళ్ళు అంటే ఎవరు? పాత ఆఫీసువాళ్ళే కదా! పెద్దమనిషికి నా మీద హఠాత్తుగా పుట్టుకొచ్చిన ప్రేమకీ, నేను ఆ ఫోటో వంక అరగంట సేపు చూడడానికీ ఇదే కారణం. ఇద్దరం బతకాలి మరి.

మొయినాబాద్ మండలంలోనే వున్న చిలుకూరు బాలాజీకి రోజూ ఎన్ని రిక్వెస్టులు వస్తాయో మీకు తెలుసు. హుండీ లేని గుడి. వీసా కావాలని పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూట ఎనిమిది. అక్కడ అడగడం తేలిక, మొక్కు తీర్చడమే కష్టం. లింక్డ్‌ఇన్‌లోనూ అంతే అనుకున్నాను గానీ, కాదు. అక్కడ మొక్కు లేదు. అడిగినవాడు ఒక వేలు కదిపితే చాలు, తిరగాల్సిందంతా మన బుర్రే.

ఈ సంగతి మొన్న ఒక పాఠకురాలు ఉత్తరం రాశాక మరీ బాగా తెలిసింది. మొయినాబాద్ వైపు ఇంజనీరింగ్ కాలేజీలో చదివిందట, ఇప్పుడు నగరంలో ఉద్యోగం. మొదటి కంపెనీలో ఆవిడ టీమ్ లీడు ఆవిణ్ణి నలుగురి ముందూ ఏడిపించేవాడు. రాత్రి పదింటికి అనవసరమైన మెసేజిలు పెట్టేవాడు. ఉద్యోగం మారి బయటపడింది. ఇప్పుడు ఆయన దగ్గర్నుంచి రిక్వెస్టు. "తీసుకోకపోతే నా గురించి చెడుగా చెబుతాడేమో, తీసుకుంటే మళ్ళీ మొదలెడతాడేమో. రోజూ ఆఫీసుకెళ్ళే ముందు అది తెరిచి చూస్తున్నాను" అని రాసింది.

చెల్లెమ్మా, మీ సంగతి వేరు, నా సంగతి వేరు. నాది పేరు పోయిన బాధ. మీది భయం. భయపెట్టినవాడికి బదులు బాకీ ఏమీ లేదు. ఆ పాత రాత్రి మెసేజిలు వుంటే చెరపకుండా ఒకచోట దాచుకోండి. తరవాత బ్లాక్ నొక్కండి. నొక్కినట్టు ఆయనకి కబురు వెళ్ళదు. మీ పేజీ ఆయనకి కనబడదు, ఆయన పేజీ మీకు కనబడదు. ఒకటి మాత్రం జాగ్రత్త. నొక్కేముందు కుతూహలం కొద్దీ ఆయన పేజీలోకి తొంగిచూడకండి. సెట్టింగు మార్చుకోకపోతే, ఫలానా ఆవిడ మీ గుమ్మంలోకొచ్చి చూసి వెళ్ళిందని ఆయనకి తెలిసిపోతుంది. నేను అలాగే దొరికిపోయాను లెండి. మంగళవారం మధ్యాహ్నం పెద్దమనిషి గోడ మీద నా మొహం కనబడే వుంటుంది.

మిగతా మామూలు గిట్టనివాళ్ళకి, అంటే మన టిఫిన్ డబ్బా వాసన బాగాలేదన్నవాడు, జీతాల రోజున చేబదులు తీసుకుని మర్చిపోయినవాడు, ప్రతి మీటింగులో మన మాట మనకంటే ముందు చెప్పేవాడు, వగైరాలకి, అంత యుద్ధం అక్కర్లేదు. ఇగ్నోర్ అని ఒక మాట వుంది. అది నొక్కితే వాళ్ళకి ఏ కబురూ పోదు. వాళ్ళ వైపు అది పెండింగ్‌లో వున్నట్టే కనబడుతుంది. మీరు సెలవులో వున్నారో, ఫోన్ పోగొట్టుకున్నారో, అలిగారో, వాళ్ళే ఊహించుకుంటారు. ఆఫీసు రాజకీయాల దృష్ట్యా తీసుకోక తప్పదంటారా? తీసుకోండి. తీసుకుని అన్‌ఫాలో చేయండి. వాళ్ళ విజయగాథలు రోజూ పొద్దున్నే మీ కాఫీలో పడకుండా వుంటాయి. మీ పరిచయస్తుల జాబితా వాళ్ళకి కనబడకుండా దాచే సెట్టింగు కూడా వుంది. అసలు కొందరు మన కోసం కాదు, మన జాబితా కోసం వస్తారు. పెళ్ళికొచ్చి వంటవాడి నంబరు తీసుకుపోయే రకం.

ఇంకోటి చాలామందికి తెలియదు. యాక్సెప్టూ చేయకుండా, ఇగ్నోరూ చేయకుండా, రిక్వెస్టు పంపినవాడికి ఒక మాట రాయొచ్చు. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడినట్టు.

నేను అదే చేశాను.

హీరోగారు పన్నెండున్నరకి దిగారు. మొదటి షాట్ అయ్యేసరికి రెండైంది. భోజనాల దగ్గర, ఒక చేత్తో పప్పన్నం కలుపుకుంటూ, ఇంకో చేత్తో రాశాను. "నమస్తే సార్. ఆ మేకప్‌మాన్‌గారి ఇంటర్వ్యూ ఇంటర్నెట్‌లో ఇప్పటికీ మీ పేరు మీదే వుంది. పాత ఆఫీసులో మీకు తెలిసినవాళ్ళు వున్నారు కదా, పేరు మార్పించగలరా? ఆయన కొడుకు ఇప్పటికీ ఆ పేజీ అందరికీ చూపిస్తుంటాడు." పంపేశాను. డబ్బు అడగలేదు. క్షమాపణ కూడా అడగలేదు. లైట్‌మాన్ అడిగిన ప్రశ్నకి జవాబు కోసం చూశాను, అంతే. పేరెట్ల ఇస్తడు ఇప్పుడు?

రెండు రోజులు ఏమీ లేదు. ఆ రెండు రోజులూ ఎన్నిసార్లు ఫోన్ తీసి చూశానో లెక్కలేదు. నిజం చెబుతున్నాను, సరే మార్పిస్తానంటే ఆ క్షణమే యాక్సెప్ట్ చేసి, పని ఏమైనా వుందా సార్ అని కూడా అడిగేసేవాణ్ణి. అడగడానికి వాక్యం తయారుగా పెట్టుకున్నాను. అంత ఆత్మాభిమానం ఏమీ కాదు మనది.

శుక్రవారం రాత్రి జవాబు వచ్చింది. నాలుగు నవ్వు బొమ్మలు, వాటి వెనక ఒకటే వాక్యం: "ఇంకా అవన్నీ గుర్తు పెట్టుకున్నావా బ్రదర్!"

చూడండి, అదే మాట. అవన్నీ ఇప్పుడెందుకు అని. కృష్ణ అంటే ఒక తగవు తెగింది. ఈయన అంటే నాకు ఒళ్ళు మండింది. అవతలివాడి బాకీని ఎవరు కొట్టేస్తారండీ? బాకీ వున్నవాడా?

ఇగ్నోర్ నొక్కాను. నీలం కోటు మాయమైంది. పోయిన పని ఎంత విలువైనదో నాకు తెలియదు. ఈ నెల అద్దె మాత్రం ఈ కాలమ్ డబ్బుల్లోంచే కట్టాలి. ఎడిటరుగారూ, వింటున్నారా?

ఇక్కడితో ఆపేస్తే ఈ కథలో నేను హీరోని. పెద్దమనిషి విలన్. మీరు చప్పట్లు కొట్టి బయటికొచ్చి సైకిల్ స్టాండు దగ్గర టోకెన్ వెతుక్కుంటారు. కానీ అలా ఆపడానికి లేకుండా పోయింది. ఎందుకంటే, ఇగ్నోర్ నొక్కిన ఊపులో వేలు జారి పక్కనున్న ఇంకో జాబితా తెరుచుకుంది. వచ్చినవి కాదు. నేను పంపినవి.

అందులో ఒకే ఒక పేరు. పంపి 11 నెలలైంది. పెండింగ్.

ఆవిడ ఆ డెస్కులోనే నాకన్నా జూనియరు. చదువు అవగానే వచ్చి చేరింది. ఒక మే నెలాఖరులో కృష్ణ పుట్టినరోజు ప్రత్యేక పేజీ వేశాం. ఫోటోల కింద మాటలు రాసింది నేను. పేజీ పెట్టింది ఆవిడ. 'అల్లూరి సీతారామరాజు' ఫోటో కింద 1973 అని అచ్చయింది. కృష్ణ అభిమానులు వూరుకుంటారా? పొద్దున్న ఆరింటి నుంచీ ఫోన్లు. సాయంత్రం మీటింగులో పెద్దలు, పేజీ ఎవరు పెట్టారు అని అడిగారు. ఆ అమ్మాయి లేచి నిలబడింది. పావుగంట తిట్టారు. ఇంత కూడా తెలియనివాళ్ళు సినిమా డెస్కుకి ఎందుకొస్తారన్నారు. ఆవిడ నా వైపు ఒకసారి చూసింది. నేను నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నాను. ఏం రాసుకుంటున్నానో చెప్పనా? గీతలు గీస్తున్నాను.

రెండు నెలలకి ఆవిడ మానేసింది. ఆ ఒక్క కారణం వల్లే అనను. ఆ కారణం లేదని కూడా అనలేను.

అలాంటి మనిషికి నేను 11 నెలల కిందట ఒక మధ్యాహ్నం, ఏమీ తోచక, రిక్వెస్టు పంపాను. ఒక్క ముక్క రాయకుండా. చేతులు కట్టుకున్న ఫోటో నాకూ వుంది లెండి, కోటు లేదు గానీ. ఆవిడ ఫోన్‌లో నా మొహం వెలిగినప్పుడు ఆవిడ టీ ఏమైందో!

రాత్రి చాలాసేపు కూర్చున్నాను. ముందు ఆ రిక్వెస్టు వెనక్కి తీసుకున్నాను. అలా తీసుకుంటే మూడు వారాల దాకా అదే మనిషికి మళ్ళీ పంపడానికి వీల్లేదు. మంచిదే. తరవాత ఆవిడ పాత ఈమెయిల్ వెతికి ఒక వుత్తరం రాశాను. నాలుగు సార్లు కొట్టేశాను. మొదటిసారి రాసినదాంట్లో ఆఫీసు వాతావరణం, ఆ రోజుల్లో నా పరిస్థితి, అమ్మకి ఒంట్లో బాగాలేకపోవడం అన్నీ వున్నాయి. అవన్నీ తీసేశాక మూడు వాక్యాలు మిగిలాయి. ఆ 1973 రాసింది నేను. మీటింగులో లేచి చెప్పాల్సింది, చెప్పలేదు. మీరు జవాబు ఇవ్వనక్కర్లేదు. అంతే. రామారావులాగా చేతిలో చాణక్య వేషం పెట్టి పిలవడానికి మన దగ్గర ఏముంది?

ఆదివారం చేవెళ్ళ సంతలో టమాటాలు ఏరుకుంటున్నాను. ఫోన్ కుయ్యిమంది. కవర్ అమ్మకి ఇచ్చి పక్కకొచ్చి చూశాను.

ఆవిడ జవాబు. ఒకటే ప్రశ్న.

"ఆ రోజు పేజీ వెళ్ళకముందు, 1973 కాదు, 1974 అని చీటీ రాసి మీ టేబుల్ మీద పెట్టాను సార్. మీరు చూశారా, చూడలేదా? ఇన్నేళ్ళుగా నాకు అదొక్కటే తెలియాలి."

పసుపురంగు చీటీ. నా టీ కప్పు కింద వుంది. పేజీ టైమ్ దాటిపోయింది, మళ్ళీ తెరిపిస్తే ఎవరు తిడతారోనని దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

చూశాను.

ఆ మాట ఆవిడకి ఇంకా రాయలేదు. ఈ కాలమ్ పంపేసి, రాస్తాను.